కొండ బంగళాలో కరిచింది ఏ రాజా?

రిటైర్మెంటుకు ఆరేళ్ళ ముందు, ఒక జూన్ నెల మొదటి వారంలో నేను ఆదోనిలో పశువైద్యాధికారిగా చేరాను. అంతకుముందు చాలాకాలం ఆస్పరి వైపు పల్లెల్లో పనిచేశాను. ఎద్దులు, గొర్రెలు, గేదెలు నాకు బాగా అలవాటు. కుక్కల కేసులు తక్కువ. చేరిన రెండో సోమవారమే, మధ్యాహ్నం భోజనం వేళకు, ఆసుపత్రి డ్యూటీ డాక్టరు ఫోన్ చేశాడు. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయనను కొండ బంగళాలో కుక్క కరిచిందనీ, ఆయన ఒక్క సూది వేయించుకుని మిగతావి వద్దని కాగితం మీద సంతకం చేసి వెళ్ళిపోయాడనీ చెప్పాడు. కుక్కను వెంటనే పరిశీలనలో పెట్టమని కోరాడు.

ఈ పరిశీలన ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. పిచ్చికుక్క వ్యాధి వైరస్ చొంగలోకి చేరిన కుక్క పది రోజులకు మించి బతకదు. కాబట్టి కరిచిన కుక్క దొరికితే దాన్ని కట్టేసి పది రోజులు చూస్తాం. పదకొండో రోజున అది తిని తిరుగుతుంటే, కరిచిన నాడు దాని చొంగలో వైరస్ లేదని అర్థం. కానీ మనిషికి మాత్రం ఆ పది రోజులు ఆగకూడదు. గాయం కడిగిన రోజే టీకా మొదలుపెట్టాలి. తరువాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు వేయాలి. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ సీరం కూడా ఎక్కించాలి. ఆ సీరాన్ని మొదటి టీకా వేసిన ఏడు రోజుల లోపలే వేయాలి. ఆ తరువాత దానితో పనిలేదు. పెద్దాయన సీరం కూడా వద్దన్నాడు.

మంగళవారం పొద్దున్నే కొండకు బయలుదేరాను. ఆ బంగళా ఇంగ్లీషువాళ్ళ కాలంలో కట్టింది. ఎండాకాలం ఆదోనిలో ఉండలేని దొరలు కొండ మీద రాతి గోడలతో మూడు గదులు, చుట్టూ వసారా కట్టుకున్నారు. తరువాత అది ఒక ప్రభుత్వ శాఖ చేతికి వచ్చింది. అధికారులు రావడం తగ్గాక మామూలు మనుషులకూ గదులు ఇస్తున్నారు. జీపు సగం దూరమే పోతుంది. ఆపైన మెట్లు. నీళ్ళు కూడా గాడిద మీదే పైకి వెళ్ళాలి.

బంగళా చూసుకునేది ఈరన్న, ఆయన భార్య ఉలిగెమ్మ. ఈరన్న తండ్రి కూడా అక్కడే కాపలా ఉన్నాడట. ఈరన్న ఉద్యోగం మాత్రం ఏడాదికేడాది పొడిగించేది. నేను వెళ్ళేసరికి వసారా స్తంభానికి ఒక గోధుమరంగు కుక్క కట్టేసి ఉంది. ఛాతీ మీద తెల్ల మచ్చ.

"ఇదే రాజా, డాక్టరమ్మా. కట్టెయ్యమన్నారంట, కట్టేసినా" అన్నాడు ఈరన్న.

నేను దూరం నుంచి చాలాసేపు చూశాను. నీళ్ళు తాగింది. జొన్నరొట్టె ముక్క నమిలి మింగింది. నడకలో తూలుడు లేదు, గొంతులో మార్పు లేదు. ఫారం తీసి నింపాను. రంగు, వయసు సుమారు ఆరేళ్ళు, లింగం అనే గడి దగ్గరికి వచ్చాక ఆగాను. అది ఆడకుక్క.

రాజా అంటున్నావు, ఇది ఆడది కదా అని అడిగాను.

"మగదైనా ఆడదైనా ఈడ రాజానే, అమ్మా. వచ్చినోళ్ళకు ఆ పేరే తెలుసు" అని నవ్వాడు ఈరన్న. నేనూ నవ్వి 'ఆడ' అని రాసుకున్నాను. ఆ గడిని కరిపించుకున్న మనిషిని అడిగి నింపాలనే ఆలోచన నాకు రాలేదు. తప్పు అక్కడే జరిగింది, అది నాదే.

శుక్రవారం రెండోసారి వెళ్ళాను. కుక్క బాగుంది. ఉలిగెమ్మ బొరుగులతో ఉగ్గాని చేసి పెట్టి, తినేలోపు చూడమని సంతకాల పుస్తకం తెచ్చి ఇచ్చింది. అతిథులు వెళ్ళేటప్పుడు నాలుగు మాటలు రాసిపోయే పుస్తకం. అలాంటివి బంగళాలో అలమారా నిండా ఉన్నాయి. నేను రెండు మూడు తిరగేశాను. విచిత్రమేమంటే, గదుల గురించి, కొండ మీది గాలి గురించి రాసినవాళ్ళు తక్కువ. అందరూ జంతువుల గురించే రాశారు. ఒక పత్తి వ్యాపారి తన కళ్ళజోడును కొండముచ్చు ఎత్తుకుపోయి, రెండో రోజు తెచ్చి అదే కిటికీలో పెట్టిందని రాశాడు. హొళగుంద నుంచి వచ్చిన ఒకాయన కన్నడంలో నీళ్ళ గాడిదకు కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. దాని సహనం తన ఇంట్లో ఎవరికీ లేదట. ఒక కొత్త పెళ్ళికూతురు తన టోపీలో పిల్లి ఈనిందని, అందుకని ఇంకో మూడు రోజులు ఉండిపోయామని రాసింది.

అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది రాజా. మెట్ల మొదట్లో ఎదురొచ్చి సంచీ వాసన చూసి, ముందు నడిచి పైకి తీసుకొచ్చే రాజా. ఒకచోట అది నల్లది. ఇంకోచోట ఒక చెవి తెగినది. మరోచోట పొట్టి తోక. ఒక పుస్తకానికీ ఇంకో పుస్తకానికీ మధ్య పదిహేనేళ్ళు తేడా ఉన్నా రాజా మాత్రం ఉంది. కట్టేసిన కుక్క వైపు చూశాను. తోక పొడవుగానే ఉంది, రెండు చెవులూ ఉన్నాయి.

ఈరన్నను అడిగితే, ఒక కుక్క పోతే ఇంకోదానికి అదే పేరు పెడతామని, తన తండ్రి నాటి అలవాటని చెప్పాడు. వచ్చినవాళ్ళు గేటు దగ్గరే 'రాజా యాడ?' అని అడుగుతారు. చచ్చిపోయిందంటే మొహాలు వాడిపోతాయి. "ఎందుకు ఉసూరుమనిపించాల? రాజా ఉంది అంటే సాలు గదా" అన్నాడు. అందులో నాకు తప్పేమీ కనిపించలేదు. ఫారంలో 'ఆరోగ్యంగా ఉంది' అని రాసి దిగి వచ్చాను.

శనివారం డ్యూటీ డాక్టరు మళ్ళీ ఫోన్ చేశాడు. పెద్దాయన మూడో రోజు టీకాకు రాలేదు. కుక్క బాగుందని నేను ఇచ్చిన రిపోర్టు ఆయన చెవిన పడిందట. ఇక సూదులు ఎందుకంటున్నాడట. మీరొకసారి మాట్లాడండి అన్నాడు డాక్టరు. కుక్క బాగుందని చెప్పినది నేనే, ఆ మాట నమ్మవద్దని చెప్పవలసినదీ నేనే. ఏమని చెప్పాలో తెలియకుండానే ఎమ్మిగనూరు బస్సెక్కాను.

ఆయన పేరు రుద్రప్ప. మగ్గం పని నేర్పే బడిలో మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. శుభ్రమైన తెల్ల పంచె, కుడి మణికట్టుకు కట్టు. ఇంట్లో ఒక మగ్గం ఇంకా నడుస్తోంది. దాని మీది చీర అంచులో ఎన్ని పోగులున్నాయో చూడకుండా చెప్పగల మనిషి. మతిమరుపు మనిషి కాదని మొదటి అయిదు నిమిషాల్లోనే తెలిసింది.

కానీ రాజా దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పేది. పెళ్ళైన ఏడాది భార్య పార్వతమ్మను కొండ బంగళాకు తీసుకుపోయాడట. అప్పటినుంచి ఏటా ఒకసారి ఇద్దరూ వెళ్ళేవారు. ఆమె పోయిన తరువాత కూడా ఆయన ఒక్కడే వెళ్తున్నాడు.

"పార్వతి రొట్టె మీద నెయ్యి రాసి పెడితే తప్ప తినేవాడు కాదమ్మా రాజా. నలభై ఏండ్ల స్నేహం మాది. వానికి నా మీద ఏం కోపముంటాది? ఏదో పరాకున పన్ను తగిలింది."

కుక్కలు పన్నెండేళ్ళు, మహా అయితే పదిహేనేళ్ళు బతుకుతాయి సార్ అన్నాను. ఆయన చేత్తో ఆ మాటను పక్కకు తోసేశాడు. నేను చెప్పింది వినబడలేదని కాదు. ఆ వాక్యం రాజాకు వర్తిస్తుందని ఆయనకు తోచలేదు.

ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పమన్నాను. సోమవారం ఉదయం వసారాలో కూర్చుని రొట్టె విప్పాడట. రాజా వచ్చి నిలబడింది. ఎప్పటిలా దగ్గరికి రాలేదు. "సంచి మీద కాలెత్తినాడు. నవ్వొచ్చింది నాకు. పోకిరి పని చేస్తావేమిరా అని ముక్క అందిచ్చినా. అంతే, మణికట్టు పట్టుకున్న్యాడు."

నేను రాస్తున్న పెన్ను ఆపేశాను. కాలెత్తింది. నేను నాలుగు రోజులుగా చూస్తున్నది ఆడకుక్కను. కొన్ని ఆడకుక్కలు కూడా కాలెత్తుతాయి, అది నాకు తెలుసు. కాబట్టి ఇది రుజువు కాదు. కానీ ఆయన అన్న ప్రతి మాటలోనూ రాజా మగవాడే. అది పేరు వల్లనా, చూసినందువల్లనా? అడిగితే ఆయన తెల్లబోయాడు. "రాజా మగ కాక ఆడెట్లయితాడమ్మా?" అన్నాడు. ఇంక ఆయనను అడిగి లాభం లేదు. ఆ మధ్యాహ్నమే తిరిగి కొండెక్కాను.

ఈరన్నను కుక్క ముందే నిలబెట్టి, ఇక్కడ ఎన్ని కుక్కలున్నాయో చెప్పమన్నాను. మెట్ల వైపు చూస్తూ చెప్పాడు. రెండు. ఇది తల్లి. దీని కొడుకు ఒకటి ఉంది. అదే రంగు, అదే తెల్ల మచ్చ. సోమవారం కరిచిన తరువాత కొండ వెనక వైపు దిగిపోయి మళ్ళీ రాలేదు.

"మరి నాకు ఈ కుక్కను ఎందుకు చూపించావు?"

"రాజాను సూపియ్యమన్నారు, సూపిచ్చినా. కుక్కను కట్టెయ్యమన్నారు. ఉన్నదాన్ని కట్టేసినా." గొంతు తగ్గించాడు. "కరిసిన కుక్క పారిపోయిందంటే బంగళా మూసేస్తారు డాక్టరమ్మా. నన్ను పొమ్మంటారు. మేం యాడికి పోవాల?"

కొడుకు కుక్క పారిపోయే ముందు రెండు రోజులుగా రొట్టె ముట్టలేదని, గాడిద కొట్టం కింద చీకట్లో పడుకునేదని, గొంతు బొంగురుపోయిందని కూడా అప్పుడే చెప్పాడు. ఇవన్నీ నేను పాఠంలో చదువుకున్న లక్షణాలు. ఇక తేలిపోయింది అనుకున్నాను.

అంతలో వంటగదిలోంచి ఉలిగెమ్మ బయటికి వచ్చింది. "నీకేం తెలుసప్పా? కరిసింది వాడు గాదు, ఇదే. నేను కిటికీలోనుంచి చూసినా. రొట్టె కోసం ఎగబడింది" అని కట్టేసిన కుక్కను చూపించింది. ఈరన్న కాదన్నాడు. తాను మెట్ల దగ్గర ఉన్నానని, వాడే కరిచి దిగిపోయాడని. ఇద్దరూ ఒకరినొకరు తప్పుబట్టుకున్నారు. ఆమె ఆ కొడుకు కుక్కను పాలు పోసి పెంచింది. వాడి మీదికి నేరం పోకూడదని అంటోందా? లేక నిజంగా చూసిందా? ఈరన్న ఇప్పుడైనా నిజమే చెబుతున్నాడా? ముగ్గురు సాక్షులు, రెండు కుక్కలు. వసారాలో నిలబడి నేను నా ఫారం వంకే చూస్తున్నాను.

"వానికి పిచ్చి గిచ్చి ఏం లేదమ్మా" అంది ఉలిగెమ్మ. "గొంతులో ఎముక ఇరుక్కుంది. ఆదివారం నేనే నోరు తెరిసి చెయ్యి పెట్టి ఎతికినా. ఏం దొరకలే."

పిచ్చి పట్టిన కుక్కకు గొంతు కండరాలు పడిపోతాయి. మింగలేదు. చూసేవాళ్ళకు ఎముక ఇరుక్కున్నట్టే అనిపిస్తుంది. నోట్లో చెయ్యి పెట్టినవాళ్ళు అలా చాలామంది ఉన్నారు. ఆమె చేతులు చూపించమన్నాను. వేళ్ళ మీద పొయ్యి దగ్గర కాలిన బొబ్బలు, చాకు గాట్లు. చొంగలోని వైరస్ లోపలికి పోవడానికి అవి చాలు.

కరిచింది ఎవరన్నది పక్కన పెట్టాలని అప్పుడు నిర్ణయించుకున్నాను. దాన్ని తేల్చడానికి నాకు ఎన్ని రోజులు పడుతుందో తెలియదు. సీరానికి మిగిలింది ఆదివారం, సోమవారం. ఉలిగెమ్మ చేతులను అక్కడికక్కడే సబ్బుతో పావుగంట కడిగించాను. వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాను. దారి పొడుగునా ఆమె, "నాకేమయిందని?" అని అడుగుతూనే ఉంది. కిందికి వచ్చే ముందు ఈరన్నను అడిగి పాత సంతకాల పుస్తకాలు నాలుగు సంచీలో వేసుకున్నాను. రుద్రప్ప మాస్టారుకు నా మాట మీద గురి లేదు. తన చేతిరాత మీద ఉంటుందేమో అనుకున్నాను.

ఆదివారం పొద్దున ఆయన ఇంట్లో, చాప మీద ఆ పుస్తకాలు పరిచాను. ఆయన సంతకమున్న పేజీలు వెతికిపెట్టుకోవడానికి నాకు శనివారం సాయంత్రమంతా పట్టింది. పేజీ చివర సంతకం ఆయనదే. పైన రాత మాత్రం వేరు. అది పార్వతమ్మ రాతట. ఏటా ఆమె రాసేది, ఈయన చదవకుండా కింద సంతకం పెట్టేవాడట.

మొదటి దాంట్లో నల్ల రాజా. నాలుగైదేళ్ళ తరువాతి పేజీలోనూ నల్ల రాజానే, మూతి నెరిసిందని ఉంది. తరువాతి పుస్తకంలో చెవి తెగిన రాజా. ఆయన ఒక్కొక్కటీ చదివి, అద్దాలు తుడుచుకుని, మళ్ళీ చదివాడు. మూడో పుస్తకంలో ఆమె ఇలా రాసింది: 'పాత రాజా మొన్న వానల్లో పోయినాడంట. కొత్తోడు ఎర్రగా ఉన్నాడు. ఈయన గమనించలేదు. నేనూ చెప్పలేదు. రెండు రొట్టెలు పెట్టినాను.' దాని కింద ఆయన సంతకం, తేదీతో సహా.

మాస్టారు ఆ సంతకం మీద వేలు పెట్టాడు. ఆయన కోపగించుకుంటాడేమో, పుస్తకాలు పట్టుకుని నన్ను వెళ్ళమంటాడేమో అనుకున్నాను. వేరేవాళ్ళ సంసారంలోకి చెయ్యి పెట్టినట్టు ఇబ్బందిగా ఉంది.

"ఆమెకు తెలుసు" అన్నాడు చివరికి. "అన్నేండ్లు తెలిసీ ఊరికే ఉండింది." అది దుఃఖమో, ఆశ్చర్యమో, కోపమో ఇప్పటికీ నేను చెప్పలేను. తరువాత నన్ను అడిగాడు. "అయితే నన్ను కరిసినోడు నాకు తెలిసినోడు కాదా?"

తెలియదు సార్ అన్నాను. తల్లో, కొడుకో కూడా తెలియదు. తెలియదు కాబట్టే సూది వేయించుకోమంటున్నాను.

ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు. ఆ రోజు పదకొండు గంటలకు ఆసుపత్రిలో గాయం చుట్టూ సీరం ఎక్కించి, తప్పిపోయిన టీకా వేశారు. మణికట్టు దగ్గర చర్మం పలచన, అక్కడ సీరం వేస్తే బాగా నొప్పి. ఆయన కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతూ కూర్చున్నాడు. ఏమి లెక్కపెడుతున్నాడో నేను అడగలేదు.

సోమవారం ఈరన్నకు, నీళ్ళ గాడిదకు, కట్టేసిన తల్లి కుక్కకు కూడా టీకాలు వేశాం. కొడుకు కుక్క కోసం కొండ వెనక వాగు దాకా వెతికించాం. తొమ్మిదో రోజున ఒక గొర్రెల కాపరి వాగులో చచ్చిన కుక్కను చూశానని కబురు పంపాడు. వెళ్ళి చూస్తే ఎండకు కుళ్ళిపోయి ఉంది. ఛాతీ దగ్గర తెల్ల మచ్చ ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు. ఈరన్న మా వాడే అన్నాడు. ఉలిగెమ్మ కాదంది. తల తీసి మంచులో పెట్టి ప్రయోగశాలకు పంపాను. రేబిస్ నిర్ధారణకు మెదడు కావాలి. 'నమూనా పరీక్షకు పనికిరాదు' అని జవాబు వచ్చింది. తల్లి కుక్క పదకొండో రోజున, ఆ తరువాత కూడా, మామూలుగానే తిని తిరిగింది.

జరిగినదంతా నా పొరపాటుతో సహా రాసి పైఅధికారికి పంపాను. ఈరన్న నన్ను తప్పుదారి పట్టించాడని రాశాను, ఎందుకు పట్టించాడో కూడా రాశాను. బంగళా రెండు నెలలు మూసి ఉంచారు. తరువాత తెరిచారు, ఈరన్నను కొనసాగించారు. కుక్కలన్నిటికీ ఏటా టీకా వేయించాలనే షరతు పెట్టారు. ఉలిగెమ్మకు ఏమీ కాలేదు. రుద్రప్ప మాస్టారు నాలుగు డోసులూ పూర్తి చేసుకున్నాడు. మరుసటి ఏడు కొండకు వెళ్ళాడని ఈరన్న చెప్పాడు. రాజా యాడ అని అడగలేదట. మెట్ల దగ్గర ఎదురొచ్చిన కుక్కను కాసేపు చూసి, "నీ పేరేందప్పా?" అన్నాడట.

ఆ ఇద్దరూ బతికింది సూదుల వల్లనా, అసలు ఆ కుక్కకు రోగమే లేకపోవడం వల్లనా అని ఈనాటికీ నన్ను ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ కేసు తరువాత నా పద్ధతి మాత్రం మార్చుకున్నాను. కరిపించుకున్న మనిషికి కుక్కను నేరుగా గానీ ఫొటోలో గానీ చూపించి, ఇదేనా అని అడగకుండా గుర్తింపు గడి నింపలేదు. ఆ ఆవరణలో ఎన్ని కుక్కలున్నాయో ముందు లెక్కపెట్టాను. యజమాని చెప్పిన పేరును పేరుగా మాత్రమే రాసుకున్నాను. ఏ కుక్కో తేలనప్పుడు 'జంతువు దొరకలేదు' అని రాసి మనిషిని ఆసుపత్రికి పంపాను. నా తరువాత ఆ కుర్చీలోకి వచ్చినవాళ్ళకు చార్జి అప్పగించేటప్పుడు చెప్పింది కూడా ఇంతే: కుక్క సంగతి తరువాత తేల్చుకోవచ్చు, సీరానికి ఏడు రోజులే.